మోయడం మీ వంతు, తోడుండడం మా వంతు

"రిటైరయ్యారు కదా, మీకేం, ఖాళీయే!"

పదవీ విరమణ చేసిన ప్రతి జంటా ఈ మాట వినే ఉంటుంది. అనేవాళ్లు ప్రేమతోనే అంటారు. ఆ మాట వెనకాలే ఒక పని కూడా వస్తుంది. ఏడాది పొడుగునా వచ్చే పనులు ఒక ఎత్తు. వానలు వెనకబట్టి దసరా దగ్గరపడిన నాటి నుండి క్రిస్మసు దాకా వచ్చే పనులు ఒక ఎత్తు. ఈ మూడు నెలల సంగతి, దానికీ పెద్దవాళ్ల ఆరోగ్యానికీ ఉన్న సంబంధం, ఈ సంచికలో పాఠకుల ముందు పెట్టదలిచాము.

మేమిద్దరం కృష్ణా డెల్టాలో ఒక చిన్న పట్టణంలో ఉంటాము. మాలో ఒకరు హైస్కూలు మాస్టారుగా, ఒకరు మిషను ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి, 58 ఏళ్లు నిండగానే విరమించాము. ఇప్పుడు ఇద్దరికీ 70 దాటాయి. ఒకరికి షుగరు, ఇంకొకరికి బి.పి. ఈ వయసులో ఇవి ఇంటికొచ్చిన చుట్టాల్లాంటివి. పొమ్మన్నా పోవు, మర్యాద తగ్గితే ఊరుకోవు.

మా గోడ మీది క్యాలెండరు

సెప్టెంబరు 27తో మా హడావిడి మొదలవుతుంది. 1947లో ఆ రోజునే దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది గనుక ఆ వారం ప్రత్యేక ఆరాధన ఉంటుంది. అక్టోబరు 1 అంతర్జాతీయ వృద్ధుల దినం. ఆ రోజు మమ్మల్ని వేదిక ఎక్కించి శాలువా కప్పుతారు. దసరా సెలవులకు మనవలు దిగుతారు. నవంబరు 2న సమాధుల పండుగ. దానికి వారం ముందు నుండే గడ్డి పీకించి, సున్నం వేయించాలి. నవంబరులో ఒక ఆదివారం మా సంఘంలో కోత పండుగ. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్లు, కొత్త ధాన్యం పట్టుకుని ఊళ్ల నుండి జనం వస్తారు. వాటిని లెక్క రాసుకోవాలి, వేలం పాడించాలి, భోజనాలు చూడాలి. నవంబరు 14న ప్రపంచ మధుమేహ దినం, ఆసుపత్రి వారి షుగరు పరీక్షల శిబిరం. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు జీవన ధ్రువపత్రం ఇచ్చే నెల కూడా నవంబరే. ఫోనులో ఆ పని చేసుకోలేని తోటివారు మా అరుగు మీదికి వస్తారు. డిసెంబరు 17 పింఛనుదారుల దినం. పింఛను దయతో ఇచ్చేది కాదు, హక్కు అని 1982లో అదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. ఆ సభకు వెళ్లకపోతే ఎలా? నడుమ పెళ్లిళ్లు, గృహ ప్రతిష్ఠలు, జ్ఞాపకార్థ కూడికలు సరేసరి. అవి తీరకముందే యౌవనస్థులు కేరల్సుకు డోలు బిగిస్తారు.

ఇదంతా ఫిర్యాదుగా రాయడం లేదు. పనీ పిలుపూ లేని ముసలితనం కన్నా ఇది వెయ్యి రెట్లు మేలు. 2025 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒంటరితనం గురించి ఒక నివేదిక వెలువరించింది. లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, దాని మూలంగా ఏటా 8 లక్షల 71 వేలకు పైగా మరణాలు సంభవిస్తున్నాయని అంచనా అనీ అందులో ఉంది. గుండె జబ్బు, పక్షవాతం, షుగరు, మతిమరుపు, దిగులు – వీటన్నిటి ముప్పునూ ఒంటరితనం పెంచుతుందని చెప్పింది. కాబట్టి మమ్మల్ని పిలిచే సంఘానికీ, పిల్లలకూ, వీధివారికీ మేము ఋణపడి ఉన్నాము. పిలవడం మానవద్దు. ఏ పనికి పిలుస్తున్నారన్నది మాత్రం కాస్త ఆలోచించమని మా మనవి.

లేవీయుల ఏర్పాటు

సంఖ్యాకాండము 8వ అధ్యాయం చివర లేవీయుల సేవ గురించి ఒక ఏర్పాటు ఉంది. 25 ఏళ్ల వయసులో వారు ప్రత్యక్ష గుడారపు సేవలో చేరాలి. 50 ఏళ్లు వచ్చాక ఆ సేవ నుండి మానుకోవాలి. ఆ సేవలో గుడారపు సామగ్రిని ఊరూరా మోయడం కూడా ఉండేది. అయితే మానుకున్నవారు ఇంటికి పోయి కూర్చోవాలని అక్కడ లేదు. గుడారం దగ్గర తమ సహోదరులకు తోడుగా ఉండి కాపాడే పని వారికి మిగిలే ఉంది.

ఇంతకన్నా ఆరోగ్యకరమైన విరమణ నియమం మాకు ఎక్కడా కనబడలేదు. బరువు దించారు గాని మనిషిని దించలేదు. మోత తీసేసి తోడును ఉంచారు.

మన సంఘాల్లో, ఇళ్లల్లో జరిగేది చాలాసార్లు దీనికి తలకిందులుగా ఉంటుంది. కొందరు పెద్దల నెత్తిన మోత అంతా పెడతారు: కుర్చీలు వేయించడం, చందాలు వసూలు చేయడం, వంటవాళ్లను పిలుచుకు రావడం, రాత్రి పదింటి దాకా లెక్క చూడడం. "నమ్మకస్తులు, పైగా ఖాళీ" అన్నది కారణం. ఇంకొందరిని ముందు వరుసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, ఫోటో తీసి, మళ్లీ ఏడాది దాకా మరిచిపోతారు. వారికి మోతా లేదు, తోడూ లేదు. ఈ రెండూ ఆరోగ్యానికి చెరుపే.

మోత ఎందుకు పనికిరాదు?

వయసు మీరిన ఒళ్లు పని చేయలేనిది కాదు. వేళ తప్పితే తట్టుకోలేనిది. ఆ తేడా గ్రహించాలి.

65 ఏళ్లు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు నడక వంటి వ్యాయామం చేయాలనీ, పడిపోకుండా ఉండేందుకు వారంలో మూడు రోజులైనా కండబలం, నిలకడ పెంచే కసరత్తులు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అంటే రోజూ కొంత కదలిక కావాలి. పది రోజులు కుర్చీలో కూర్చుని, పదకొండో రోజు కోత పండుగ నాడు ధాన్యం బస్తా జరిపితే అది వ్యాయామం కాదు. నడుము పట్టుకోవడానికి దారి.

వయసుతో దాహం తెలియడం తగ్గుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా నోరు ఎండదు. పడుకున్నవాళ్లు, కూర్చున్నవాళ్లు దిగ్గున లేస్తే రక్తపోటు ఒక్కసారిగా పడి కళ్లు తిరగవచ్చు. బి.పి. మాత్రలు వాడేవారిలో ఇది ఇంకా ఎక్కువ. దీర్ఘ ప్రార్థనలో మోకాళ్లూని ఉండి, ఆమెన్ అనగానే లేవబోయి తూలిన పెద్దలను మీరూ చూసే ఉంటారు. అది భక్తి పారవశ్యం కాదు, రక్తపోటు. ముందు బెంచీ పట్టుకుని కూర్చోవాలి. ఒకటి రెండు నిమిషాలు ఆగి అప్పుడు లేవాలి.

షుగరు ఉన్నవారికి వేళకు తిండి ప్రాణంతో సమానం. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి కొన్ని రకాల మాత్రలు గాని వేసుకుని భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. మా ఎరుకలోనే ఒక సంఘంలో ఉపవాస కూడిక కాదు, విందు కూడికే జరిగింది. ప్రసంగాలు సాగి, సన్మానాలు సాగి, విస్తళ్లు వేసేటప్పటికి మూడు దాటింది. ఒక పెద్దాయన పొద్దున్నే ఇన్సులిన్ తీసుకుని వచ్చారు. రెండింటికల్లా చెమటలు పట్టి, మాట తడబడింది. పక్కనున్నవారు ఎండదెబ్బ అనుకుని విసనకర్రతో విసిరారు. నర్సింగు చదువుతున్న ఒక అమ్మాయి గుర్తుపట్టి పంచదార నీళ్లు తాగించింది గనుక సరిపోయింది.

ఈ గుర్తులు అందరూ తెలుసుకోవాలి: చెమట, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, తికమక. పరీక్షిస్తే చక్కెర 70 కన్నా తక్కువ ఉంటుంది. మనిషి తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. కుదుటపడ్డాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఎవరూ పైకి చెప్పని సంగతి

మా వయసు స్త్రీలు చాలామంది ఆదివారం పొద్దున మంచినీళ్లు తాగరు. బి.పి. కోసం ఇచ్చిన నీళ్ల మాత్ర ఆ పూట వేసుకోరు. గుడిలో మరుగుదొడ్డి లేకపోవడమో, ఉన్నా దూరంగా, తడిగా, మెట్లెక్కి పోవలసినదిగా ఉండడమో దీనికి కారణం. అడిగితే సిగ్గుపడి నవ్వేస్తారు. నీళ్లు తాగనందువల్ల కళ్లు తిరగడం, మూత్రంలో మంట, మాత్ర మానినందువల్ల బి.పి. పెరగడం – ఇవన్నీ సోమవారం నాడు ఆసుపత్రి వరండాలో కనబడతాయి. నర్సుగా పనిచేసిన మాలో ఒకరు దీన్ని ఏళ్ల తరబడి చూశారు.

గోపురానికి రంగు వేయడానికి చందా అడిగితే వెంటనే పోగవుతుంది. మరుగుదొడ్డికి చేతి కమ్మీ పెట్టించడానికి కమిటీలో ఎవరూ నోరెత్తరు. పెద్దల మీద మనకున్న గౌరవం శాలువాలో కన్నా ఆ కమ్మీలో బాగా కనబడుతుందని మా అభిప్రాయం.

విరమణే లేనివారు

ఇంకొక మాట కూడా చెప్పాలి. రిటైరవడం అన్నది పింఛను ఉన్నవారికి దొరికిన అదృష్టం. మా సంఘంలో అరవై దాటినవారిలో అలాంటివారు కొద్దిమందే. మిగతావారు ఇంకా పొలం పనికి పోతారు. వరి కోతలకు యంత్రాలు వచ్చాక కూలి దొరికే రోజులు తగ్గాయి గాని, దొరికిన రోజు మోత తగ్గలేదు. కోత పండుగకు గుమ్మడికాయ నెత్తిన పెట్టుకుని వచ్చే అవ్వ మోకాళ్లు ఎలా ఉన్నాయో ఆ రోజు ఎవరూ అడగరు. వేలంలో కాయ ఎంత పలికిందో మాత్రం అందరికీ గుర్తుంటుంది.

పింఛనుదారులు తోడుగా ఉండవలసింది మొదట వీరికే. 2024 అక్టోబరు 29 నుండి 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో పనిలేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు వైద్య రక్షణ వచ్చింది. దాని పేరు వయ వందన కార్డు. ఆధారుతో నమోదు చేయించుకోవాలి. ఇది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే, నెలనెలా వాడే మాత్రలకు కాదు. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో ముందే విచారించుకోవాలి. ఈ నాలుగు మాటలు ఒక అవ్వకు అర్థమయ్యేలా చెప్పి, ఆమె వేలిముద్ర పడేదాకా పక్కన కూర్చోవడం – ఇదీ తోడు పని అంటే. దీనికి కండబలం అక్కరలేదు. ఓపిక, చదువు, ఎదుటివారి నమ్మకం కావాలి. అవి మా వయసువారి దగ్గర ఉన్నాయి.

అలాంటిదే ఇంకొకటి, ఇల్లు కదలలేనివారి జాబితా. పక్షవాతంతో మంచం పట్టినవారు, మోకాళ్లు రాక గుడి మానేసినవారు, పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి ఒక్కరే మిగిలినవారు ప్రతి సంఘంలోనూ ఉన్నారు. వారానికి ఒకసారి ఒకరి ఇంటికి వెళ్లి, అరగంట కూర్చుని, మాత్రల డబ్బా ఒకసారి చూసి, ఒక చిన్న ప్రార్థన చేసి వస్తే చాలు. మన తీరంలో ఈ జాబితాకు ఇంకొక ఉపయోగం ఉంది. అక్టోబరు, నవంబరు నెలలు మనకు తుఫానుల నెలలు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేల ప్రాణాలు తీసిన సంగతి మా తరం మరిచిపోలేదు. ఇప్పుడు హెచ్చరికలు ముందుగానే వస్తున్నాయి. కానీ హెచ్చరిక విన్నాక మంచం మీది మనిషిని ఎవరు కదిలించాలి? వారి మాత్రలు తడవకుండా కవరులో ఎవరు పెట్టాలి? ఆ జాబితా చేతిలో ఉన్నవారికే అది తెలుస్తుంది.

పిల్లలకు ఒక మాట

మనవల రాక మాకు పండుగ. వారికి గోరుముద్దలు తినిపించడం, కథలు చెప్పడం, ఆదివారపు బడి వాక్యాలు నేర్పడం తోడు పనులే. నాలుగేళ్ల పిల్లవాణ్ణి చంకనెత్తుకుని పగలల్లా తిరగడం, పదిమందికి మూడు పూటలా వండి వార్చడం మోత పనులు. సెలవులకు వచ్చిన కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు ఒక పూట వంట అందుకుంటే మర్యాద తగ్గదు. దూరదేశంలో ఉన్న పిల్లలు తమకు పగలు గదా అని మాకు రాత్రి పదకొండింటికి ఫోను చేస్తారు. మేము ఎత్తుతాము. పిల్లల గొంతు వినబడితే నిద్ర ఎవరికి కావాలి? కానీ మర్నాడు బి.పి. అంకె దానికి వేరే జవాబు చెబుతుంది. వారానికి రెండు రోజులు, సాయంత్రం వేళ అని ముందే అనుకుంటే అందరికీ క్షేమం.

"పనికి వంకలు" అంటారేమో

మేము ఇలా మాట్లాడితే, ఒళ్లు దాచుకుంటున్నారని అనేవారు ఉంటారు. "మా నాన్నగారు ఎనభైలో కూడా బస్తాలు మోశారు" అని ఉదాహరణలు కూడా చెబుతారు. మోసినవారు మోశారు. మోయలేక అరవైలోనే వెళ్లిపోయినవారిని ఎవరూ ఉదాహరణగా చెప్పరు. పెద్దలు పక్కకు తప్పుకుంటే పని చెడుతుందన్న భయం కూడా ఉంది. కానీ ఇరవై ఏళ్లుగా కోత పండుగ లెక్క ఒకే మాస్టారు రాస్తున్నారంటే అది ఆయన గొప్పే అయినా, పద్దు రాయడం ఇంకెవరికీ రాలేదని కూడా అర్థం. యౌవనస్థుడు రాసేటప్పుడు మాస్టారు పక్కన కూర్చుంటే లెక్కా చెడదు, మాస్టారి నడుమూ చెడదు, పైగా ఒకడికి పని వస్తుంది. లేవీయుల ఏర్పాటులో ఉన్న తెలివి అదే.

మా విన్నపాలు

సంఘ కమిటీలకు:

1. జాబితాలో పేరు రాసే ముందు ఆ పెద్దవారిని ఒక మాట అడగండి. "కాదు" అన్నా చిన్నబుచ్చుకోకండి.
2. ప్రతి పనికీ ఒక పెద్ద, ఒక యౌవనస్థుడు జంటగా ఉండనివ్వండి. బరువు చిన్నవారిది, సలహా పెద్దవారిది.
3. రోజంతా జరిగే కూడికల్లో మధ్యాహ్నం ఒంటి గంటకు భోజనం పెట్టండి. ప్రసంగం మిగిలితే తరువాత వింటాము. రాత్రి కూడికలు ఎనిమిదిన్నరకు ముగించండి.
4. క్రిస్మసు రంగుల కన్నా ముందు మరుగుదొడ్డి, మెట్ల దగ్గర కమ్మీ, దారిలో దీపం చూడండి.
5. కోత పండుగ నాడు ఒక బల్ల వేసి బి.పి., షుగరు చూసే ఏర్పాటు చేయండి. మన ఆసుపత్రి సిబ్బందిని అడగండి.

తోటి పెద్దలకు:

1. డైరీలో పెళ్లిళ్లు, కూడికలు రాసుకునే ముందు డాక్టరుగారి తేదీ, రక్తపరీక్ష తేదీ రాసుకోండి. దానిమీద ఇంకే పనీ పెట్టుకోవద్దు.
2. ఇల్లు కదిలేటప్పుడు సంచిలో ఆ పూట మాత్రలు, నీళ్ల సీసా, నాలుగు బిస్కట్లు, కాస్త పంచదార, వాడుతున్న మందుల చీటీ ఉంచుకోండి.
3. విందుల కాలం గదా అని ఊరగాయ, అప్పడం, బిర్యానీ వరసగా తినవద్దు. రోజు మొత్తం మీద ఉప్పు ఒక చెంచాకు మించరాదు.
4. వారంలో ఒక రోజు ఏ పనీ లేకుండా ఉంచుకోండి. విశ్రాంతి దినం పెట్టినవాడు మనల్ని ఎరిగినవాడే.
5. చలికాలం రాకముందే ఫ్లూ, న్యుమోనియా టీకాల గురించి డాక్టరుగారిని అడగండి.

ఈ మూడు నెలలూ మేము గుడికి వస్తాము, పెళ్లిళ్లకు వస్తాము, శిబిరంలో పేర్లు రాస్తాము, మంచం పట్టినవారి దగ్గర కూర్చుంటాము. బల్లలు జరపడానికి, బస్తాలు దించడానికి మాత్రం మీ అబ్బాయిలను పంపండి. వాళ్లకు ఏది ఎక్కడ పెట్టాలో పక్కన నిలబడి చెబుతాము.